బెత్తెడు ఎడం

తార్నాక,
16 జులై 1967

అక్కకు ఇన్నయ్య దండాలు. వానొకటి వదలడం లేదు, అది తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బావా ఎట్లా ఉన్నారో రాయి.

లూర్దమ్మ హాస్టల్లో చేరింది. పెట్టె, పరుపు నేనే మోశాను. నీ కూతురు నా వెనకాల చేతులూపుకుంటూ వచ్చింది. మేనమామ ఉన్నది మోయడానికే కదా. కానీ అంబర్‌పేట్ దగ్గర నేను బస్సెక్కేసి చూస్తే అది కిందే ఉండిపోయింది. బస్సు కదిలింది. పెట్టె పట్టుకుని నేను అరుస్తుంటే అది యాభై గజాలు ఉరికి వచ్చి ఎక్కింది. ఆయాసం కూడా లేదు. కండక్టరు టికెట్లు కొట్టడం మరిచిపోయాడు. ఈ పిల్ల నా రిలేకి కావాలని అప్పుడే అనుకున్నాను.

రిలే అంటే చెబుతా విను. నలుగురు ఆడపిల్లలు తలా వంద మీటర్లు ఉరకాలి. అడుగు పొడవు కట్టె ఒకటి ఉంటుంది. మొదటిది ఉరికి వచ్చి రెండోదాని చేతిలో పెట్టాలి, అది మూడోదానికి, మూడోది నాలుగోదానికి. కట్టె చేతులు మారేటప్పుడు ఇద్దరూ పరుగులోనే ఉండాలి. కింద పడిందా, కథ కంచికే.

రెండేళ్లుగా మా కాలేజీ ఆడపిల్లల రిలేది ఆఖరి స్థానం. ప్రిన్సిపాల్ గారు పిలిచి చెప్పేశారు. "ఇన్నయ్యా, గీ ఒక్క సీజను చూస్తా. జనవరి మీట్ల మొదటి మూడిట్ల రాకుంటే లేడీస్ రిలే బంద్. గా టైము హాకీ పోరగాండ్లకు ఇస్తా." ఏడేళ్లుగా ఈ గ్రౌండులో రాళ్లేరుతున్నాను అక్కా. నాకంటూ ఉన్నది ఈ రిలే ఒక్కటే. హాకీకి నాకంటే పెద్ద మాస్టరున్నాడు, క్రికెట్‌కు ఇంకొకాయన.

ఈసారి మంచి పిల్లలు దొరికారు. మొదట మల్కాజ్‌గిరి భూదేవి, వాళ్ల నాన్న రైల్వేలో పని చేస్తాడు. రెండోది లూర్దమ్మ. మూడోది బాలలక్ష్మి, భువనగిరి దగ్గర పటేళ్ల పిల్ల, ఆఖరి సంవత్సరం చదువుతోంది. నాలుగోది సికింద్రాబాదు డోరతీ. ఉరికేటప్పుడు మోకాళ్ల దాకా లాగు వేసుకోవాలి. బావతో ఎట్లా చెబుతావో నీ ఇష్టం.

నీ తమ్ముడు,
ఇన్నయ్య


ఎర్రకుంటపల్లె,
2 ఆగస్టు 1967

తమ్మికి ప్రమీలక్క దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దాని చదువు గురించి ఒక్క ముక్క ఉంటుందేమోనని. లేదు. పి.యు.సి. చదవడానికి పంపానా, బస్సుల వెంట ఉరకడానికి పంపానా? బడిలో మూడు తరగతులకు నేనొక్కదాన్నే పాఠాలు చెప్పి, ఆ జీతంతో దాన్ని పట్నం పంపుతున్నాను. గుర్తు పెట్టుకో.

సరే, ఉరకనీ. కానీ ఆదివారం చర్చిలో పూజ తప్పకూడదు. చీకటి పడకముందే హాస్టల్లో ఉండాలి. లాగు సంగతి బావకు చెప్పలేదు. నువ్వు కూడా చెప్పకు. ఫోటో తీయించి పంపేవు సుమా.

ఇంకొకటి. మూడోది పటేళ్ల పిల్ల అన్నావు. లూర్దమ్మను దాని దగ్గర కాస్త చూసుకుని మసలుకోమను. పట్నంలో అందరూ ఒకటే అని నువ్వంటావు. నీకేం, తొమ్మిదో ఏటే బోర్డింగుకు పోయావు. ఊళ్లో ఉన్నది నేను.

మీ అక్క


తార్నాక,
10 సెప్టెంబరు 1967

అక్కా,

ఈ ఉత్తరంలో మర్యాదలు వెతక్కు. నిన్న సికింద్రాబాదు కాలేజీతో మొదటి పోటీ అయింది. భూదేవి బాణంలా వచ్చింది. లూర్దమ్మ ఇద్దరిని దాటేసింది. నేను గెంతుతున్నాను, టోపీ ఎక్కడ పోయిందో తెలియదు. బాలలక్ష్మి చెయ్యి వెనక్కి చాపి ఉరుకుతోంది. కట్టె కింద పడింది. ఠంగుమని కూడా అనలేదు, బురదలో పడింది కదా.

పోనీ ఒక్కసారి పడిందనుకో. ప్రాక్టీసులో రోజూ పడుతోంది. ఏడుసార్లు ఇస్తే అయిదుసార్లు నేల మీదే. అదీ లూర్దమ్మకీ బాలలక్ష్మికీ మధ్యనే. మిగతా చోట్ల చక్కగా చేతులు మారుతోంది. చెమటకు జారుతోందని చేతులకు మట్టి రుద్దించాను. లాభం లేదు. కట్టె నునుపుగా ఉందని వడ్రంగి దగ్గర ఇంకొకటి చేయించాను. ఆడలేక మద్దెల ఓడు అన్నాడు హాకీ మాస్టరు, నా మొహం మీదే.

లూర్దమ్మను అడిగితే "నేను పెట్టిన మామా, ఆమెనే పట్టుకోలె" అంటుంది. బాలలక్ష్మిని అడిగితే "నాకు అందలే సార్" అంటుంది. గ్రౌండులో పొద్దున బర్రెలు, సాయంత్రం హాకీ వాళ్లు. సున్నం గీతలు గీస్తే వాన కడిగేస్తుంది. స్టాప్‌వాచీ ప్రిన్సిపాల్ గారి బీరువాలో, బీరువా తాళం ఆయన జేబులో, ఆయన మీటింగులో. నేను ఎవరి మీద అరవాలి? ఇంటికి వచ్చి సారలమ్మ మీద అరిచాను. పాపం, అన్నం పెట్టకుండా పడుకుంది. మొగుడి మీద ఆడవాళ్లకున్న ఆయుధం అదొక్కటే అనుకుంటాను.

ఇన్నయ్య


ఎర్రకుంటపల్లె,
24 సెప్టెంబరు 1967

తమ్మీ,

ముందు సారలమ్మ కాళ్లు పట్టుకో, తరువాత ఈ ఉత్తరం చదువు.

తప్పెవరిదో నీకింకా తెలియలేదా? మూడో తరగతి పిల్లగాడు చెబుతాడు. పటేళ్ల పిల్ల మన పిల్ల చేతిలోంచి ఏదైనా తీసుకుంటుందా? నలుగురి ముందు చాపక తప్పదు కాబట్టి చెయ్యి చాపుతుంది. తగిలే వేళకు ముడుచుకుంటుంది. అందుకే భూదేవి ఇచ్చినది లూర్దమ్మకు అందుతోంది, లూర్దమ్మ ఇచ్చినది ఆమెకు అందడం లేదు. చదువుకున్నా పుట్టుక ఎక్కడికి పోతుంది? వాళ్ల నాయనమ్మలను నేను చూడలేదా?

నా బిడ్డను తిట్టావో, చూడు మరి. తిట్టాలనుకుంటే ఆ పెద్దింటి పిల్లను తిట్టు, నీకు ధైర్యముంటే.

మీ అక్క


తార్నాక,
15 అక్టోబరు 1967

అక్కా,

నీ మాట విని చెడ్డాను.

ధైర్యముంటే అన్నావు కదా, చూపించాను. బాలలక్ష్మిని అందరి ముందు నిలబెట్టి కడిగేశాను. "మా పిల్ల చెయ్యి తగిలితే మైల పడ్తవా? కులం తోడుకొని గ్రౌండుకు రాకు" అన్నాను. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది. ఎనిమిది రోజులు గ్రౌండు మొహం చూడలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే వారం భూదేవికి జ్వరం. డోరతీ ఒక్కతే వచ్చి, నేనొక్కణ్నే ఉంటే, "ఇద్దరం ఉరుకుదామా సార్?" అంది. ఎగతాళో కాదో తెలియలేదు.

తొమ్మిదో రోజు బాలలక్ష్మి తనంతట తానే వచ్చింది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను. "సార్, లూర్దమ్మది నాది ఒకటే రూము. నా దువ్వెనతోని అది దువ్వుకుంటది, దాని పచ్చడి నేను తింట. నేను ఎన్నడు చెయ్యి ముడ్సుకోలే. అదే ముందుగాల ఇడుస్తున్నది. మీరే చూడుండ్రి. రూముల గూడ గంతే సార్. పచ్చడి ఇయ్యవే అంటే డబ్బ తెచ్చి బల్ల మీద పెడ్తది. చేతికియ్యదు. నా మీద దానికి ఏం కోపమో నాకు ఎరుక లేదు."

నిన్న కట్టె చేతులు మారే చోటు పక్కన నేల మీద బోర్లా పడుకుని చూశాను. నలభై ఏళ్ల మనిషిని, బర్రెల పేడ పక్కన. నిజమే అక్కా. లూర్దమ్మ బాగా దగ్గరికి వస్తుంది. కట్టెను బాలలక్ష్మి అరచేతి మీదికి తెస్తుంది. అక్కడ, చెయ్యి ఇంకా బెత్తెడు దూరం ఉండగానే, వదిలేస్తుంది. ప్రతిసారీ అంతే. బాలలక్ష్మి అదృష్టం బాగుంటే పట్టుకుంటుంది, లేకపోతే లేదు.

ఎందుకు వదులుతున్నావే అంటే తల దించుకుంటుంది. బాలలక్ష్మితో పోట్లాడావా అంటే లేదంటుంది. నీ కూతురికి పొగరు ఎక్కడిది? ఆ పిల్లకు నేను క్షమాపణ చెప్పుకున్నాను. నలభై ఏళ్లలో ఎవరికీ చెప్పలేదు.

ఇన్నయ్య


ఎర్రకుంటపల్లె,
30 అక్టోబరు 1967

తమ్మీ,

నీ ఉత్తరం అందింది. లూర్దమ్మను ఏమీ అనకు. అది పొగరు కాదు. కొన్నాళ్లు చూడు. వీలైతే దాని స్థానం మార్చు, డోరతీకి ఇచ్చేట్టు పెట్టు. ఎందుకని అడగకు.

ఇక్కడ పత్తి ఏరడానికి పోయి పిల్లలు బడికి రావడం లేదు. బావకు నడుము నొప్పి.

ప్రమీలమ్మ


తార్నాక,
26 నవంబరు 1967

అక్కా,

ఎందుకని అడగకు అంటావు. అడగకుండానే వాతలు పెట్టించుకున్నాను.

నువ్వు చెప్పినట్టు స్థానం మార్చలేదు. ఇక్కడి ట్రాకులో రెండో వందలోనే మలుపు, అక్కడ నీ కూతురంత బాగా ఉరికేది లేదు. బాలలక్ష్మి వంకర పట్టాలెక్కిన రైలులా వెడల్పుగా తిరుగుతుంది. తల్లి మనసు కదా, బిడ్డను నేనేదో అంటున్నానని నువ్వట్లా రాశావనుకున్నాను. నిన్న అంతర కాలేజీ పోటీ. తొమ్మిది జట్లు. కట్టె చేతులు మారేసరికి మేం రెండో స్థానంలో ఉన్నాం. కట్టె పడింది. లూర్దమ్మ ఆగి, వంగి తీసుకుని, మళ్లీ బాలలక్ష్మి చేతి మీద వదిలింది. రెండోసారి కూడా పడింది. జనం నవ్వారక్కా. హాకీ పిల్లలు ఈల వేశారు.

నాకు ఒళ్లు తెలియలేదు. లూర్దమ్మను జట్టులోంచి తీసేశాను. దాని చోట ఫస్టియర్ పిల్లను పెట్టాను. ఆ పిల్ల ఉరకదు, నడుస్తుంది, కానీ కట్టె చేతికిస్తుంది. జనవరిలో మూడో స్థానం ఆశ లేదు. రిలే బంద్ అవుతుంది. ఏడేళ్లు రాళ్లేరినందుకు నాకు మిగిలేది నడుము నొప్పి, బావకు తోడు.

దాన్ని పంపకుండా ఉంచుకోవలసింది నువ్వు.

ఇన్నయ్య


ఎర్రకుంటపల్లె,
5 డిసెంబరు 1967

ఇన్నయ్యా,

లూర్దమ్మ నాకు ఉత్తరం రాసింది. నిన్ను ఒక్క మాట అనలేదు. "నా చెయ్యి నా మాట వినడం లేదమ్మా" అని రాసింది. అందుకని అక్టోబరులో దాచినది ఇప్పుడు రాస్తున్నాను. పచ్చడి డబ్బా సంగతి చదవగానే నాకు అర్థమైంది. సిగ్గుపడి రాయలేదు.

దానికి అయిదేళ్లప్పుడు పటేలు ఇంటికి చీపుర్ల కట్ట ఇచ్చి పంపాను. వాకిట్లో పెట్టి పక్కకు జరగాలి, అది మనకు తెలిసిందే. దానికి ఎవరు చెప్పారు? నేను చెప్పడం మరిచాను. తిన్నగా పోయి పటేలు తల్లి చేతిలో పెట్టింది. నవ్వుతూ పెట్టిందట. ఆ ముసలామె కట్టను విసిరికొట్టి, అక్కడే బిందెడు నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంది. సాయంత్రం పటేలు మనిషి మన వాడకు వచ్చి, అందరి ముందు బావను అనరాని మాటలన్నాడు. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ మనిషి పోయాక నేను బిడ్డను కూచోబెట్టి నేర్పాను. నేను చెయ్యి చాపేదాన్ని. అది చింతగింజ తెచ్చి నా అరచేతిలో పైనుంచి వదలాలి. వేలు తగిలితే గరిటెతో దెబ్బ. రోజుకు యాభై సార్లు, నెల రోజులు. ఏడ్చేది. ఏడిస్తే ఇంకొకటి వేసేదాన్ని. చివరికి కళ్లు మూసుకుని కూడా బెత్తెడు ఎడంతో వదిలేది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది, ఇక దీన్ని ఎవరూ ఏమీ అనరని.

నువ్వు అయిదు నెలలుగా నేర్పుతున్నావు, నీ విద్య పట్టుబడలేదు. నాది పన్నెండేళ్లయినా పోలేదు. నీకంటే నేనే మంచి మాస్టరునిరా.

భూదేవి వాళ్లు రైల్వే వాళ్లు, డోరతీ మన మతం పిల్ల. వాళ్లతో దానికి ఏమీ కాదు. బాలలక్ష్మి పటేళ్ల పిల్ల అని నువ్వే మొదటి రోజు చెప్పి ఉంటావు. లేకపోతే పేరు వినే తెలుసుకుని ఉంటుంది. మనసు స్నేహం చేసింది, చెయ్యి చేయలేదు. ఆ పిల్లను అనరాని మాట అనిపించింది కూడా నేనే. నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియడం లేదు. ముసలామె చచ్చిపోయింది. మిగిలింది నేనే.

ప్రమీలక్క


తార్నాక,
28 జనవరి 1968

అక్కా,

ఇన్నాళ్లు రాయలేదు. రాయడానికి చేతకాలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజే హాస్టలుకు పోయి లూర్దమ్మను పిలిచాను. మామ చేసింది తప్పని చెప్పాను. అది ఏడుస్తుందనుకున్నాను. "మళ్ల తీస్కుంటవా మామా?" అంది, అంతే. బాలలక్ష్మికి సంగతి నేను చెప్పలేదు. లూర్దమ్మే చెప్పుకుంది. ఆ పిల్ల నా దగ్గరకు వచ్చి, "సార్, రేపటి సంది ఉరుకుడు బంద్ చేద్దాం. పట్టుకునుడు నేర్చుకుందాం" అంది. మాస్టరు ఆమె, నేను కాదు.

క్రిస్మసు దాకా ఇద్దరూ కట్టెను చెరో కొసా పట్టుకుని గ్రౌండు చుట్టూ నడిచారు. తరువాత మెల్లగా ఉరికారు. మౌలాలి గుట్ట మెట్లు కూడా అట్లాగే ఎక్కారు, జనం వింతగా చూశారు. "నేను గుంజుకునేదాంక నువ్వు ఇడువకు" అని బాలలక్ష్మి అంటుంటే మొదటి వారం లూర్దమ్మ వేళ్లు వాటంతట అవే విచ్చుకోవడం నేను కళ్లారా చూశాను. రెండో వారం తగ్గింది. జనవరికి పది సార్లలో పది సార్లు చేతికే అందింది. నాకు మళ్లీ ఆశ పుట్టింది. పుట్టకపోతే బాగుండేది.

నిన్న మీట్. భూదేవి బాగా వచ్చింది. లూర్దమ్మ మలుపులో ముగ్గురిని దాటి మొదటి స్థానంలోకి తెచ్చింది. బాలలక్ష్మి చేతిలో కట్టె పెట్టింది. పెట్టి, వదల్లేదు! అది గుంజుతోంది, ఇది వదలదు. నాలుగు అడుగులు ఇద్దరూ కట్టె పట్టుకుని జంటగా ఉరికారు. నేను "ఇడువే, ఇడువే!" అని గొంతు చించుకున్నాను. అయిదు నెలలు వదలొద్దని అరిచినవాణ్ని. ఆ నాలుగు అడుగుల్లో మూడు జట్లు దాటిపోయాయి. డోరతీ చచ్చేట్టు ఉరికింది. నాలుగో స్థానం. మూడోదానికీ మాకూ మధ్య ఒక్క ఛాతీ తేడా.

ఈ పొద్దున ప్రిన్సిపాల్ గారు మర్యాదగానే చెప్పారు. జూన్ నుంచి ఆ టైము హాకీకి. నేను వాళ్ల గోలుపోస్టులకు సున్నం వేయించాలట. కోపంతో ఒళ్లు మండుతోంది. గోడకు కొట్టుకుంటే గోడకేం, నా తలే పగులుతుంది. నలుగురు పిల్లల్లో ఒక్కదాన్ని కూడా తిట్టలేకపోయాను. అంత కోపం ఉండి తిట్టడానికి మనిషి లేకపోవడం ఎంత కష్టమో నీకు తెలియదు.

వచ్చే ఏడు లూర్దమ్మ ఎక్కడ ఉరుకుతుందో నాకు తెలియదు. రిలే లేదు.

నీ తమ్ముడు,
ఇన్నయ్య


ఎర్రకుంటపల్లె,
9 ఫిబ్రవరి 1968

తమ్మికి,

రిలే పోయిందని రాశావు. పోతే పోనీ అని నేననను. నీ ఏడేళ్లు నాకు తెలుసు. ఉత్తరం చదివి నేను కూడా ఏడ్చాను. నాలుగు అడుగులు జంటగా ఉరికారన్న చోట మాత్రం ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. బావ చూసి భయపడ్డాడు.

తిట్టడానికి మనిషి లేడన్నావు. నాకు మాత్రం ఒక మనిషి ఉంది. అద్దంలో కనిపిస్తుంది.

పదిహేడేళ్లుగా బడిలో పాఠం చెబుతున్నాను. పటేలు మనుమడు ఇప్పుడు మూడో తరగతిలో ఉన్నాడు. వాడి చిన్నాన్నకు కూడా అక్షరాలు నేనే దిద్దించాను. ఆ ఇంటి పిల్లల పలక దిద్దితే ఎన్నడూ చేతికివ్వలేదు. బల్ల అంచున పెట్టి పక్కకు జరుగుతాను, వాళ్లు వచ్చి తీసుకుపోతారు. నాకెవరూ చెప్పలేదు అట్లా చేయమని. నేనే చేశాను. మిగతా పిల్లలు చూస్తూనే ఉన్నారు, అందరూ అదే నేర్చుకున్నారు.

నిన్న గురువారం వాడు పలక పట్టుకొచ్చాడు. భాగహారం. దిద్దాను. బల్ల మీద పెట్టబోయి, చాపాను. వాడు పలకను చూశాడు, బల్లను చూశాడు, నా మొహం చూశాడు. నేను వదల్లేదు. వాడు వచ్చి రెండు చేతులతో పట్టుకున్నాడు. వాడి వేళ్లు నా వేళ్లకు తగిలాయి. గట్టిగా గుంజుకుని పోయి వాడి చోట కూచున్నాడు.

సాయంత్రం దాకా వాకిలి వైపే చూస్తూ కూచున్నాను, పటేలు మనిషి వస్తాడని. ఈ పొద్దుటి దాకా ఎవరూ రాలేదు. వస్తే ఏం చెప్పాలో కూడా అనుకోలేదు. బావ గుమ్మంలో మంచం వేసుకుని పడుకున్నాడు, గాలి కోసం అంటాడు.

వాడు చేసిన లెక్క తప్పు. ఇవాళ మళ్లీ చేయించాను, మళ్లీ తప్పు చేశాడు. పలక వాడి చేతికిచ్చి ఇంకోసారి చేసుకురమ్మన్నాను.

మీ అక్క,
ప్రమీలమ్మ